రంపె, రాయి, నూనె



కక్కు కొడవలికి పళ్ళు కోసేది కమ్మరి. మన రంపెకు మాత్రం మన రాయే దిక్కు. నూనె పోస్తేనే పదునొస్తుందని మనమూ నమ్మాం. పదును పెట్టేది రాయి. అరిగిన ఇనపరజను రాయి బెజ్జాల్లో దిగబడకుండా తేల్చడమే నూనె పని. వంటనూనె వద్దు, జిగురు కట్టి రాయి మొద్దుబారుద్ది. కుట్టుమిషను నూనె రెండు చుక్కలు చాలు. నీళ్లైనా సరే, కానీ ఒకసారి నూనె తాగిన రాయికి నీళ్లు అంటవు.

బందరైనా, గుడివాడైనా, దివిసీమైనా చెప్పులు కుట్టించుకునేవాళ్లు కుట్టుకే లెక్క కడతారు. రాయి మనది, నూనె మనది, రంపె నూరిన పొద్దూ మనదే. రేపటినుంచి ఆ పొద్దుకూ కూలి కలిపి అడుగుదాం. బేరమాడితే అరిగిన రాయి చూపిద్దాం (కొట్టడానికి కాదు లెండి!).