సునామీ కబురు ముందే తెలిపే కేంద్రం

భారత సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం హైదరాబాదులో, ఇన్‌కాయిస్ అని పిలిచే జాతీయ సముద్ర సమాచార సేవల సంస్థలో రాత్రింబవళ్లు పనిచేస్తుంది. 2004 డిసెంబరు 26 ఉదయం సుమత్రా దగ్గర సముద్రం అడుగున భూమి కంపించాక, అలలు చెన్నై చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. జనం ఒడ్డు వదిలి వెళ్లడానికి ఆ వ్యవధి చాలు. కానీ వాళ్లకు చెప్పే ఏర్పాటే లేకపోయింది. హిందూ మహాసముద్ర తీరాల్లో రెండు లక్షల మందికి పైగా చనిపోయారు. ఆ ఘోరం తర్వాత, 2007 అక్టోబరులో ఈ కేంద్రం మొదలైంది.

సముద్రం అడుగున వచ్చే ప్రతి భూకంపమూ సునామీ తేదు. నేల పైకో కిందికో కదిలితేనే దాని మీది నీరంతా లేస్తుంది. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గరే 8.6 తీవ్రతతో భూమి కంపించినా, నేల పక్కకు జరగడం వల్ల పెను అలలు రాలేదు. అందుకే కంపనం తెలిసిన నిమిషాల్లోనే కంప్యూటర్లు, ముందే లెక్కకట్టి ఉంచిన నమూనాల్లో దానికి దగ్గరి వాటిని వెతికి, ఏ తీరానికి ఎంత అల ఎప్పుడు చేరవచ్చో అంచనా కడతాయి.

ఆ అంచనా సరైనదో కాదో తేల్చవలసింది నడిసముద్రంలోని పరికరాలు. అక్కడ సునామీ అల గంటకు 700, 800 కిలోమీటర్ల వేగంతో పోతున్నా, ఎత్తు మీటరైనా ఉండకపోవచ్చు. ఓడలో ఉన్నవారికి తెలియనే తెలియదు. కిలోమీటర్ల లోతున నేల మీద ఉంచిన పీడనమాపకం మాత్రం పైనున్న నీటిమట్టం సెంటీమీటరు మారినా పసిగడుతుంది. ఆ సమాచారం శబ్దతరంగాలుగా పైన తేలే బోయాకు, అక్కణ్నుంచి ఉపగ్రహం ద్వారా హైదరాబాదుకు అందుతుంది. ఇంతటి బోయాలు వేట పడవలు తగిలో, ఎవరో భాగాలు ఊడదీసుకుపోయో మూగబోతుండడం నిజంగా బాధాకరం.

ముప్పు పెద్దదైతే తీరం ఖాళీ చేయమని, ఓ మోస్తరుదైతే ఒడ్డుకు వెళ్లవద్దని ఈ కేంద్రం చెబుతుంది. 2011 నుంచి ఇండొనేషియా, ఆస్ట్రేలియా కేంద్రాల మాదిరిగానే ఇతర హిందూ మహాసముద్ర దేశాలకూ ఈ సమాచారం ఇస్తోంది.

కబురు అందిన ఊరికి ఎటు పరుగెత్తాలో తెలిసి ఉండాలి. ఒడిశాలోని వెంకట్రాయిపూర్, నోలియాసాహి గ్రామాలు ఇందులో శిక్షణ పొంది, 2020లో యునెస్కో గుర్తింపు తెచ్చుకున్నాయి. అండమాన్ నికోబార్ దీవుల పరిస్థితి వేరు. భూకంపాలు పుట్టే చోటు పక్కనే ఉండడంతో అల ముందొచ్చి హెచ్చరిక తర్వాత చేరవచ్చు. భూమి గట్టిగా కంపించినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి తగ్గినా, అక్కడివారు ఏ కబురుకోసమూ ఆగకుండా మెరక ప్రాంతానికి వెళ్లిపోవాలి.