అలంపురం ప్రాకారం



అలంపురం గురించి మాట్లాడమన్నారు. జోగుళాంబ దర్శనానికి పోనివాళ్లు ఈ హాల్లో ఎవరుంటారు? నవబ్రహ్మల పేర్లు చిన్నపిల్లలు కూడా చెబుతారు. అందుకే ఈ సాయంత్రం గుళ్ల చుట్టూ ఉన్న గోడ మీదుగా ఆ ఊరి కథ చెబుతాను.

బాదామి చాళుక్య విజయాదిత్యుడు 696 నుంచి 733 దాకా ఏలాడు. ఆయన ఆజ్ఞ మీద ఈశానాచార్యస్వామి ఇక్కడ ప్రాకారం కట్టించినట్టు శక సంవత్సరం 635 నాటి శాసనం ఉంది. అంటే క్రీ.శ. 713. గుళ్లు కట్టించిన రాజుల శాసనాలు మనకు కొల్లలు. గోడ కట్టించిన ఆచార్యుడి పేరు రాయి మీద మిగలడం మాత్రం అరుదు, అది నాకు ఎంతో ఇష్టమైన సంగతి. గోడ కట్టి కాపాడుకోవాల్సినంత సంపద అప్పటికే లోపల ఉందన్నమాట.

ఆ సంపదలో ఒక్కటి చూద్దాం. స్వర్గబ్రహ్మ ఆలయం విజయాదిత్యుడి తండ్రి వినయాదిత్యుడి కాలంలో, మహారాణి గౌరవార్థం లోకాదిత్య ఎళ అరస కట్టించినది. ఈసారి పోయినప్పుడు లోపలికి తొందరపడకండి. ముందు బయటి గోడ చుట్టూ నడవండి. మూలల్లో దిక్పాలకులు తమ తమ దిక్కుల్లో నిలబడి ఉంటారు. ప్రదక్షిణ దారిలోకి వెలుగు రాతి జాలకాల్లోంచే రావాలి. తల ఎత్తితే వంపు తిరిగి లేచే నాగర శిఖరం, దాని మీద ఉసిరికాయలా గాడులు తీరిన ఆమలకం. నవబ్రహ్మ ఆలయాల్లో తారకబ్రహ్మ తప్ప మిగతావన్నీ ఈ తీరే. కంచిలో పల్లవులు అంతస్తుల విమానాలు లేపుతున్న రోజుల్లో, కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న మన నడిగడ్డలో ఉత్తరాది శిఖరాలు లేచాయి.

గుడీ గోడా ఒకటైన ఊళ్లు ప్రపంచంలో ఇంకా ఉన్నాయి. స్పెయిన్‌లోని ఆవిలాలో పెద్ద చర్చి వెనకభాగమే కోట గోడకు బురుజు. అక్కడా భయం సైన్యాల గురించే. అలంపురంలో ఆ భయం నిజమైంది. బహమనీల దండయాత్రలో జోగుళాంబ గుడి పోయిందని, అమ్మవారిని బాలబ్రహ్మ ఆలయంలో దాచుకున్నారని ఊరి పెద్దలు తరతరాలుగా చెబుతారు. అమ్మవారు ఆ గుళ్లోనే పూజలందుకుంటూ ఉండి, 2005లో కొత్త ఆలయానికి చేరింది.

తర్వాతి ముప్పు నీళ్ల రూపంలో వచ్చింది. శ్రీశైలం జలాశయం ముంపులో పడే, ఆ రెండు నదులు కలిసే సంగమం దగ్గరి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ నంబరు వేసి విప్పి, అలంపురానికి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. పాపనాశం గుళ్లూ అలాగే తరలాయి. నాగర్‌కర్నూల్ వైపు సోమశిల, జటప్రోలు గుళ్లదీ అదే దారి. పనివాళ్ల నేర్పుకు చేతులెత్తి మొక్కాలి. అలంపురాన్ని మాత్రం కదిలించలేదు. వెనక్కి తన్నే నీళ్లకు అడ్డంగా తుంగభద్ర వైపు మరో గోడ లేపారు. 2009 అక్టోబరులో ఆ గోడ ఉన్నా వరద ఊళ్లోకి, గుళ్లలోకి వచ్చింది.

అలంపురం శాసనాలు మనదాకా రావడంలో గడియారం రామకృష్ణశర్మ గారి శ్రమ చాలా ఉంది. ఆయన ఆత్మకథ ‘శతపత్రము’కు సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. రాళ్ల సంగతి ఆయన చూసుకున్నారు. మునిగిన ఊళ్ల సంగతి చూసుకున్నవాళ్లు తక్కువ. గుడి రాళ్లకు నంబర్లు పడ్డాయి గానీ, ఆ గుడి ముందున్న వీధికీ, రచ్చకట్టకీ, పొలం దారికీ పడలేదు.

మీలో ముంపు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు. మీ ఇళ్లల్లో డెబ్భై దాటిన పెద్దలను ఈ వారమే కూర్చోబెట్టి అడగండి: గుడి వాకిలి ఎటు చూసేది, రేవు ఎక్కడ, ఏ వీధిలో ఎవరుండేవారు, జాతర ఎటునుంచి వచ్చేది. చెప్పింది చెప్పినట్టు రాయండి, వీలైతే పటం గీయించండి. మీరు రాసి తెస్తే, ఒక్కో కాగితం మీతో కలిసి కూర్చుని చదువుతాను.