చిరునామాల పుస్తకము

మా హఫీజ్‌పేటలో కొందరు పెద్దలు దూరదేశములనున్న బిడ్డలకు థండర్‌బర్డ్ ద్వారా ఈమెయిలు వ్రాయుచుందురు. చిరునామాల పుస్తకము తెఱవగానే ఆ ప్రోగ్రాము మూతపడినచో, సర్వమును నశించెనని తలంచి దేనిని చెఱపివేయరాదు. నేను చిరకాలము బడిలో హాజరుపట్టీ వ్రాసితిని. పట్టీ చినిగినంతమాత్రమున పిల్లలు మాయముకారు. అట్లే ఉత్తరములు వేఱు, చిరునామాలు వేఱు.

మొదట షిఫ్ట్ మీట నొక్కిపట్టి ప్రోగ్రామును తెఱవవలయును. అప్పుడు అదనపు చేర్పులు పనిచేయవు. పుస్తకము తెఱచుకొనినచో దోషము బహుశః వానియందే యుండును. లేనిచో ప్రోగ్రామును మూసి, ప్రొఫైల్ ఫోల్డరునకు నకలు తీసి, అందలి ‘ఎబుక్.ఎస్‌క్యూలైట్’ ఫైలు పేరు మార్చవలయును. 2020లో వచ్చిన 78వ కూర్పు మొదలు చిరునామాలుండునది అందే. మరల తెఱచినపుడు ఖాళీ పుస్తకము నిరాటంకముగా కనబడినచో పాత ఫైలే చెడినదని నిశ్చయము. పాత ఉత్తరములనుండి చిరునామాలను తిరిగి కూర్చుకొనవచ్చును. ఇకమీదట నకలొకటి వేఱుగా దాచుకొనుడని నా మనవి.