పాత ఫోటో ఏ వీధిది?



మన ఇళ్ళలోని పాత భద్రాచలం ఫోటోలు చాలావాటి వెనుక ఏమీ వ్రాసి ఉండదు. చోటు గుర్తుపట్టాలంటే ముందు మారనివి చూడాలి. గుడి ఉన్న గుట్ట, గోదావరి ఏ వైపున ఉన్నాయో చూస్తే, ఫోటో ఎక్కడ నిలబడి తీశారో తెలుస్తుంది.

తరువాత కాలం. బోర్డుమీద తూర్పు గోదావరి జిల్లా అని ఉంటే అది 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలవక ముందు వ్రాసిన బోర్డు. ఖమ్మం జిల్లా అని ఉంటే 1959కి, 2016కి మధ్యది. నదిపై పూర్తయిన వంతెన కనిపిస్తే 1965కి ముందుది కాదు.

1986 ఆగస్టులో గోదావరి 75.6 అడుగులకు వచ్చింది. ఆ వరదకు ముందున్న వీధులను కళ్ళారా చూసినవాళ్ళం మనమే. అందుకని మనవళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని, ఫోటో వెనుక పెన్సిలుతో వీధి పేరు, ఏడు వ్రాయించండి. మన తరువాత చెప్పేవారుండరు.