ఎర్ర మాత్ర సంగతి

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం సభ్యురాలు చేసిన ప్రసంగం)



పొదుపు ఎంత, అప్పులు ఎంత, వసూలు ఎంత అన్నీ విన్నారు. ఏ పుస్తకంలోనూ ఎక్కని ఒక లెక్క చెప్పడానికి నేను లేచాను. అది మా ఇంటి లెక్కే. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అయినా చెప్తాను.

నిరుడు మా కోడలికి కాన్పయింది. నాలుగో నెల నుంచీ ఏఎన్ఎమ్మ గారు ఎర్ర మాత్రలు ఇస్తూనే ఉన్నారు. వేసుకున్న మూడు నాలుగు రోజులకే ఆ పిల్లకు వికారం పట్టుకుంది, దొడ్డికి నల్లగా వచ్చింది. భయపడి నాతో చెప్పింది. నేనేమన్నానో తెలుసా? "మానెయ్యమ్మా. బిడ్డ కూడా నల్లగా పుడతాడు. మా కాలంలో ఈ మాత్రలన్నీ ఎవరు మింగారు?" అన్నాను. అత్త మాట కాదనలేక మానేసింది. ఏఎన్ఎమ్మ గారు నెలనెలా "వేసుకుంటున్నావా?" అని అడిగితే తలూపింది.

నొప్పులొచ్చి ఆసుపత్రికి తీసుకెళ్తే రక్తం ఏడుకు లోపే ఉంది. బిడ్డ పుట్టగానే గర్భసంచి ముడుచుకోవడానికి ఆక్సిటోసిన్ ఇంజక్షన్ వేశారు. అయినా కొంచెం ఎక్కువే రక్తం పోయింది. "ఒంట్లో రక్తం ఉన్న మనిషైతే తట్టుకునేది, ఈ అమ్మాయి దగ్గర పోగొట్టుకోవడానికి లేదు" అన్నారు డాక్టరమ్మ. 108లో పెద్దాసుపత్రికి పంపారు. మావాడి స్నేహితులు వచ్చి రక్తం ఇచ్చారు. రెండు బాటిళ్లు ఎక్కించాక గానీ మనిషి కళ్లు తెరిచి మాట్లాడలేదు. ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో మనవణ్ణి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. వీడికి తల్లి ఉంటుందా అన్న ఆలోచన ఒక్కటే నాకు.

దేవుడి దయ, ఇద్దరూ ఇంటికొచ్చారు. ఉయ్యాలకు పాత చీర కోసం ట్రంకుపెట్టె తెరిస్తే అడుగున ఒక కవరు దొరికింది. కవరు నిండా మాత్రల అట్టలు. సర్కారు ఇవ్వలేదని అనడానికి లేదు. ఏఎన్ఎమ్మ గారు రాలేదని అనడానికి లేదు. ఇంటి దాకా వచ్చిన మందు నా నోటిమాట వల్ల పెట్టెలో పడింది.

ఇది మా ఒక్క ఇంటి కథైతే మహాసభలో చెప్పను. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో గర్భిణుల్లో నూటికి 52 మందికి రక్తం తక్కువని తేలింది. అంటే సగం మందికి పైనే.

ఆ మాత్రలో ఏముందో నేను తర్వాత అడిగి తెలుసుకున్నాను. 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్. రెండూ రక్తం తయారవడానికి కావాల్సినవే. ఈ ఫోలిక్ యాసిడ్ వెనక ఇద్దరి కష్టం ఉంది. లూసీ విల్స్ అనే ఇంగ్లండు డాక్టరమ్మ 1928లో బొంబాయి వచ్చారు. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద ఆడవాళ్లు కడుపుతో ఉన్నప్పుడు రక్తం లేక ఎందుకు చనిపోతున్నారో చూడటానికి వచ్చారు. లోపం వాళ్ల తిండిలో ఉందని కనిపెట్టారు. ఈస్టు నుంచి తీసే మార్మైట్ అనే చవక పదార్థం తినిపిస్తే వాళ్లకు రక్తం పట్టింది. అందులో ఉన్న మందే ఫోలిక్ యాసిడ్ అని తర్వాత తేలింది. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని 1940లలో అమెరికాలో నడిపించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అంతమంది కష్టపడి తెచ్చిన మందును మనం పెట్టెలో దాచిపెడుతున్నాం.

ఇప్పుడు పనికొచ్చే మాటలు చెప్తాను. రాసుకునేవాళ్లు రాసుకోండి.

మొదటి మూడు నెలలు ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తారు. బిడ్డ వెన్నెముక, మెదడు సరిగా ఏర్పడటానికి అది అవసరం. నాలుగో నెల నుంచి ఎర్ర మాత్ర రోజుకొకటి, 180 రోజులు. కాన్పయ్యాక మళ్లీ 180 రోజులు. బిడ్డ పుట్టాడు కదా అని మానెయ్యకూడదు.

రక్తపరీక్షలో 11 కంటే తక్కువ వస్తే రక్తహీనత. 7కీ 11కీ మధ్య ఉంటే రోజుకు రెండు మాత్రలు వేసుకోమంటారు. నెల రోజులు వేసుకున్నా రక్తం ఒక్క పాయింటైనా పెరగకపోతే డాక్టరుకు చూపించాలి, కారణం వేరే ఉండొచ్చు. 7 కంటే తగ్గితే మాత్రలతో ఆగదు. ఆసుపత్రిలో సూది ద్వారా ఐరన్ ఎక్కిస్తారు, అవసరమైతే రక్తమే ఎక్కిస్తారు. నెలలు నిండేదాకా చూద్దాంలే అనుకోవద్దు.

దొడ్డికి నల్లగా రావడం ఇనుము వల్లే. భయం లేదు. బిడ్డ రంగుకూ దానికీ సంబంధమే లేదు. వికారంగా ఉంటే పరగడుపున వద్దు, రాత్రి అన్నం తిన్న గంటకు వేసుకుని పడుకోవాలి. మలబద్ధకానికి నీళ్లు, ఆకుకూరలు, పండ్లు ఎక్కువ తీసుకోవాలి. టీ, కాఫీలతో వేసుకుంటే ఇనుము ఒంటికి పట్టదు. నిమ్మరసం, ఉసిరి, జామ అయితే బాగా పడుతుంది. కాల్షియం మాత్ర కూడా ఇస్తారు. అదీ ఇదీ ఒకేసారి వేసుకోవద్దు, కనీసం రెండు గంటలు తేడా ఉండాలి. మధ్య నెలల్లో నులిపురుగుల మాత్ర ఒక్కటి ఇస్తారు, అదీ మింగాలి. పురుగులు కూడా రక్తం తాగుతాయి కదా.

ఇంకో జాగ్రత్త. ఎర్రగా ఉన్నాయని చిన్నపిల్లలు బిళ్లలనుకుని నాలుగైదు మింగితే వాళ్ల ప్రాణం మీదికి వస్తుంది. అందకుండా పైన పెట్టండి.

బిడ్డ సంగతి కూడా వినండి. పుట్టాక మొదటి ఆరు నెలలకు కావాల్సిన ఇనుములో ఎక్కువ భాగం బిడ్డ తల్లి కడుపులో ఉండగానే దాచుకుంటుంది. తల్లి దగ్గర లేకపోతే బిడ్డ ఎక్కణ్ణుంచి దాచుకుంటుంది? పొదుపు సంఘం వాళ్లం, మనకు ఇంతకంటే వివరంగా చెప్పక్కర్లేదు.

చివరిగా అత్తలకు, తల్లులకు ఒక మాట. మనం మింగకుండానే కన్నాం అంటాం. నిజమే. కానీ మనతోపాటు కడుపుతో ఉండి, కాన్పులో పోయినవాళ్లు ఈ సభకు వచ్చి మాట్లాడలేరు. ప్రతి ఊళ్లోనూ అలాంటి పేరు ఒక్కటైనా ఉంది. మీ ఊళ్లో ఎవరో ఒక్కసారి తలుచుకోండి.

ఆరోగ్య ఉపసంఘం తరఫున ఒక తీర్మానం అడుగుతున్నాను. ప్రతి గ్రామ సంఘం మీటింగులో, కిస్తీలు కట్టడం అయ్యాక, ఊళ్లో గర్భిణులు, బాలింతలు ఎందరో పేర్లు చదవాలి. ఎవరింటికి ఎవరు వెళ్లి కనుక్కోవాలో మినిట్స్ పుస్తకంలో రాయాలి. వెళ్లినవాళ్లు "వేసుకుంటున్నావా?" అని అడగొద్దు. దానికి మా కోడల్లాగే అందరూ తలూపుతారు. "మాత్ర పడుతోందా, ఏం ఇబ్బందిగా ఉంది?" అని అడగండి. అప్పుడు నోరు విప్పుతుంది. తిట్టొద్దు. వేసుకోకపోతే ఎందుకో విని ఆశాకు, ఏఎన్ఎమ్మ గారికి చెప్పండి. ఆ మాట అత్త ముందు కాకుండా విడిగా అడిగితే ఇంకా మంచిది. అత్తనే కాబట్టి చెప్తున్నాను.

మా కోడలు ఇవాళ ఈ సభలోనే ఉంది. ఆమె ఒప్పుకున్నాకే ఇదంతా చెప్పాను. బాలింతగా ఉన్న ఆరు నెలలూ రాత్రి అన్నాలయ్యాక మాత్ర, నీళ్లు నేనే తీసుకెళ్లి ఇచ్చాను. మింగేదాకా నిలబడ్డాను. మొన్న పరీక్ష చేయిస్తే 12 దాటింది.

తీర్మానానికి చేతులెత్తమని కోరుతున్నాను.