కడలిపై ఎవరికెవరు తొలగవలయును?



బాటపై రెండు బండ్లు ఎదురుపడినచో ఎవరి ఎడమకు వారు తొలగుదురు. ఇది మనకు చిన్ననాటి యలవాటు. కడలిపై నీ యలవాటే ముప్పు తెచ్చును. ఇంజనుతో నడచు రెండు పడవలు ఎదురెదురుగా వచ్చినచో రెండును కుడికి తిరుగవలయును. ఒకడు బాట మర్యాదను, మరియొకడు కడలి మర్యాదను పాటించినచో ఇరువురు నొకే వైపునకు వచ్చి ఢీకొందురు. ఈ కడలి నిబంధనలను నానాదేశములవారు 1972లో కూర్చికొనిరి. 1977 నుండి అవి అమలులో నున్నవి.

తెరచాపల న్యాయము వేరు. అచట గాలియే తీర్పరి. ఎద్దుల జతకు దాపట, వలపట యున్నట్లే పడవకును గలవు. గాలి తూర్పునుండి వీచుచున్న దనుకొనుడు. ఉత్తరముగా మైపాడు దిక్కునకు పోవు పడవకు గాలి వలపట తగులును. దక్షిణముగా కృష్ణపట్నము దిక్కునకు వచ్చుదానికి దాపట తగులును. దాపట గాలి గలదే, అనగా దక్షిణమునకు వచ్చునదే తొలగవలయును. రెండు నుత్తరమునకే పోవుచున్నచో గాలి కెదుటనున్న తూర్పు పడవ తొలగవలయును. అది గాలిని ముందుగా నడ్డగించుటచే క్రింది పడవ చాప వదులై, తప్పుకొను శక్తి తగ్గును గదా! వెనుకనుండి దాటిపోవువాడు మాత్రము, గాలి యెటునున్నను, తానే యెడముగా పోవలయును.

పలకపై నిలిచి చాప చేతబట్టి అలలపై పరుగిడు క్రీడ యొకటి కలదు. అది 1984లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్ క్రీడలలో చేరినది. ఆ క్రీడాకారులును ఈ పాఠమునే నేర్తురు.

మనుస్మృతి రెండవ యధ్యాయమున, రోగికిని, బరువు మోయువానికిని దారి విడువవలె నని కలదు. కడలి ధర్మమును దానికి దూరము కాదు. ఇంజను పడవ చాపపడవకు తొలగవలెను. చాపపడవ, వలవేసి కదలలేక యున్న పడవకు తొలగవలెను. అయితే ఇరుకు కాలువలో వచ్చు పెద్ద ఓడకు చిన్న పడవ యడ్డము రాకూడదు. 2008లో కృష్ణపట్నమున క్రొత్త రేవు తెరచిన పిమ్మట మన తీరమున కిది ముఖ్యమైనది. బొగ్గు నింపిన ఓడ ఇంజను నాపినను చాల దూరము పోయినగాని నిలువదు. "నాది చాపపడవ, వాడే తొలగును" అని వాదించుట కది చోటు కాదు.

నేను తీరగ్రామమున బడి చెప్పు దినములలో ఒక విద్యార్థి తండ్రి నాకొక గురుతు చెప్పెను. "అయ్యవారూ, దూరపు ఓడను మన పడవ కొయ్యతో సరిచూచుకొనుడు. కొంతసేపటికి అది ముందుకో వెనుకకో జరిగిన భయము లేదు. ఉన్నచోటనే యుండి పెద్దదగుచున్నచో అది మనమీదికే వచ్చుచున్నది" అనెను. నిబంధనల గ్రంథమునను ఇదే పరీక్ష యున్నది. ఆతడు దానిని చదివినవాడు కాడు.

రాత్రి సంగతి వేరు. ఏడు మీటర్లకు లోబడిన చాపపడవ, పెద్ద దీపములు లేకున్నను, చేతిలో లాంతరు గాని టార్చి గాని సిద్ధముగా నుంచుకొని, ఎదుటివాడు తప్పుకొనుటకు వ్యవధి యుండగనే చూపవలయును. మీ పిల్లలు రేపటి వేకువకు ముందే తెప్ప దించువా రైనచో, ఈ రాత్రియే ఆ టార్చిని ఒకసారి వెలిగించి చూడుమని చెప్పుడు.