ఎర్కలేదు సార్

నాకు ఇరవై నిమిషాలు ఇచ్చిన్రు. భోజనాల ముంగట మాట్లాడేటోనికి అది ఎక్కువే. తొందరగనే ముగిస్త.

ఇయ్యాల్టి అంశం స్టీరియోటైపులు. ఈ మాట పాతకాలం ప్రెస్సులకెళ్లి వచ్చింది. ఒక్కొక్క అక్షరం కూర్చి పేజీ తయారు చేసినంక, దాని అచ్చు తీసి లోహంతోని ఒక పలక పోసేటోళ్లు. మళ్ల ఎన్ని కాపీలు కావాల్నన్నా ఆ పలకనే. కొత్తగ అక్షరాలు కూర్చే పని లేదు. మనుషుల విషయంల గూడ ఇదే నడుస్తది. పలక పోసిపెట్టుకున్నంక ఎదుటి మనిషిని చదివే పని తప్పుతది.

నా సంగతి చెప్త. 1990లల్ల ఇంజనీరింగ్‌ల చేరిన. మొదటి వారం ల్యాబుల సారు ఏదో అడిగితే "ఎర్కలేదు సార్" అన్న. "ఏ సినిమాలో రౌడీ వేషం వేశావురా?" అన్నడాయన. క్లాసంత నవ్వింది. నేను గూడ నవ్విన. ఇన్నేండ్లకు గూడ నాకు యాదికొస్తే ఇబ్బంది పెట్టేది ఆయన మాట కాదు, నా నవ్వు. ఆ తర్వాత నాలుగేండ్లు నా నోటికి నేనే కాపలా ఉన్న. "ఎర్కలేదు" పోయి "తెలీదండి" వచ్చింది. ఒకనాడు ఎస్టీడీ బూత్‌ల నుంచి ఇంటికి ఫోన్ చేసి "ఎలా ఉన్నారు నాన్నా" అంటే, మా బాపు కొద్దిసేపు ఆగి "ఎవలు మాట్లాడేది?" అని అడిగిండు.

ఆ సారు చెడ్డోడు కాదు. పాఠం మస్తు చెప్పేటోడు. కాని ఆయనకు మా జిల్లా మనిషి మొదలు పరిచయమైంది సినిమా హాల్ల. అక్కడ మన మాట రౌడీకి, తాగుబోతుకు, పనిమనిషికి ఇచ్చిన్రు. హీరో ఏ ఊర్ల పుట్టినా మాట్లాడేది మాత్రం రెండు మూడు జిల్లాల భాషనే. 'మాభూమి' అసోంటివి లేవని కాదు. 1980ల వచ్చిన ఆ సినిమాల మన మాట మాట్లాడేటోడే పోరాడేటోడు. గాని అసోంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మన తాతల కాలంల ఇది ఇంకో తీరుగ ఉండె. 1921ల హైదరాబాద్ వివేకవర్ధని థియేటర్ల సంఘ సంస్కరణ సభ జరిగింది. అల్లంపల్లి వేంకట రామారావు లేచి తెలుగుల మాట్లాడవోతే సభల ఉన్నోళ్లు హేళన చేసిన్రు. ఆ అవమానంలకెళ్లే ఆంధ్ర జనసంఘం పుట్టింది. పేర్ల 'ఆంధ్ర' ఏందని ఇక్కడ పుట్టిన పిల్లలు అడగొచ్చు. అప్పుడు తెలుగోడంటే ఆంధ్రుడే, ఆ పేరు మనోళ్లే ఇష్టపడి పెట్టుకున్నరు. అప్పుడు తెలుగు అని నవ్విన్రు, తర్వాత ఇది తెలుగే కాదని నవ్విన్రు.

ఆ తర్వాత పదేండ్లకు ఇంకో మాట వచ్చింది. నిజాం రాష్ట్రంల కవులే లేరని ఒక పండితుడు రాసిండు. సురవరం ప్రతాపరెడ్డి గారికి అది మండింది. ఆయన నడిపే గోలకొండ పత్రిక నుంచి ఊరూరికి కబురు పెట్టి, కవుల పద్యాలు, వివరాలు తెప్పిచ్చి 1934ల 'గోలకొండ కవుల సంచిక' అచ్చేసిండు. 354 మంది కవులు. మనం సభలల్ల ఈ కథ చెప్పి చప్పట్లు కొడ్తం, కొట్టాలె గూడ. నేను మాత్రం ఒక లెక్క దగ్గర ఆగిపోత. లేరు అనెటోనికి ఒక్క వాక్యం సరిపోయింది. ఉన్నం అనెటోళ్లకు 354 మంది సాక్షులు కావాల్సొచ్చింది. అంతమందిని తెచ్చినా మా సారు దాకా ఆ పుస్తకం చేరలే, సినిమా చేరింది.

మన కథే పెద్దది అనుకునేటోళ్లకు స్టూవర్టుపురం కథ చెప్పాలె. ఎరుక చెప్పేటోళ్లు గనక ఎరుకల వాళ్లంటరు. నన్ను నవ్వులపాలు చేసిన మాట వాళ్ల కులం పేర్లనే ఉన్నది. సముద్రం ఒడ్డు నుంచి లోపలి ఊర్లకు పశువుల మీద ఉప్పు, ధాన్యం మోసి వాళ్లల్ల చానామంది వ్యాపారం చేసేటోళ్లు. బ్రిటిషోళ్ల ఉప్పు విధానం, రైళ్లు కలిసి ఆ బతుకుదెరువును తీసేసినయి. పని పోయి తిరుగుతున్నోళ్లను చూసి, వీళ్లు పుట్టుకతోనే నేరగాళ్లు అన్నరు. 1871ల మొదలైన నేరస్థ జాతుల చట్టం, 1911 చట్టంతోని మద్రాసు రాష్ట్రానికి గూడ వచ్చింది. ఎరుకల కుటుంబాలను బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నడిపే సెటిల్మెంటుల పెట్టి, స్టూవర్ట్ అనే దొర పేరు పెట్టిన్రు. అదే స్టూవర్టుపురం. దొంగతనం చేసినోడు, చెయ్యనోడు అన్న తేడా లేదు, కులం చూసి రిజిస్టర్ల ఎక్కిచ్చుడే. 1952ల చట్టం పోయింది. 1991ల ఆ ఊరి పేరు మీద రెండు సినిమాలొచ్చినయి, ఒకదాని పేర్ల పోలీస్ స్టేషన్, ఇంకోదాని పేర్ల దొంగలు. అది కోస్తాంధ్ర ఊరు. నేనూ మొదటి బెంచీల కూసొని ఈల వేసిన.

నేను అమెరికా వచ్చిన కొత్తల నా రూమ్మేటుది కడప. బియ్యం కడిగి కుక్కర్ పెట్టి, ఎనిమిదింటికి నిద్రపోయే మనిషి. 'సమరసింహారెడ్డి' వచ్చినప్పటి నుంచి ఎవరు కలిసినా బాంబులెక్కడ దాచినవని వాన్నే అడుగుడు. నేనూ అడిగిన.

ఇగ ఇంతసేపు మాట్లాడింది ఎందుకంటే, పోయిన నెల మా బిడ్డ ఒక మాట అడిగింది. దానికి ఎనిమిదేండ్లు. క్లాసుల దోస్తు బర్త్‌డేకు పిలిచింది. "డాడీ, వాళ్లు ఆంధ్రోళ్లు కదా, పోవచ్చా?" ఈ మాట దానికి బడిల చెప్పలే. మా డైనింగ్ టేబుల్ మీద విన్నది. శనివారం శనివారం మన కాన్ఫరెన్స్ కాల్ స్పీకర్ల పెట్టుకుంటా గదా, అండ్ల విన్నది.

1956 పెద్దమనుషుల ఒప్పందం ఏమైందని అడుగుదాం. 1985ల వచ్చిన 610 జీవో ఎందుకు అమలు కాలేదని అడుగుదాం. కృష్ణా నీళ్ల లెక్క అడుగుదాం. ఇవన్ని ప్రభుత్వాల మీద ఉన్న లెక్కలు, కాయితాలున్నయి. ఆంధ్రోళ్లంతా గింతే అన్నదానికి కాయితం లేదు. అది మనం పోసుకున్న పలక. నేను గూడ ఆ కాల్‌ల అన్న, మీలో కొంతమంది విన్నరు.

బర్త్‌డేకు పోయినం. ఆ పాప నాన్నది తెనాలి. పిల్లలు కేక్ తింటుంటే మేం ఇద్దరం 610 మీద గంటన్నర కొట్లాడినం. ఆయన ఒప్పుకోలే, నేను ఒప్పుకోలే. లేచేటప్పుడు ఆయన నవ్వుకుంట, "మీ యాసలో మాట్లాడరేంటండీ, సినిమాల్లో భలే సరదాగా ఉంటుంది" అన్నడు. ఈసారి నేను నవ్వలే. మళ్ల కూసున్న. ల్యాబుల సారు సంగతి, ఎస్టీడీ బూత్ సంగతి, బాపు అడిగిన మాట అన్నీ చెప్పిన, మా ఊరి మాటల్నే. ఆయన ఏం అనలే. లోపలికి పొయ్యి మళ్ల చాయ్ పెట్టిచ్చుకొచ్చిండు.

జై తెలంగాణ.